ఏళ్ళ తరబడి ఆగిన ఇంజను: తాళం తిప్పే ముందు

మన దేశంలో చాలా ఊళ్ళలో ఈ దృశ్యం కనిపిస్తుంది. ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఒక పాత కారు నిలబడి ఉంటుంది. టైర్లలో గాలి ఉండదు, అద్దాల మీద దుమ్ము పేరుకుపోయి ఉంటుంది. తాతగారు కొన్న కారు కాబట్టి అమ్మడానికి ఎవరికీ మనసొప్పదు. పండగకు అందరూ చేరినప్పుడు ఎవరో ఒకరు అంటారు: "కొత్త బ్యాటరీ తెచ్చి చూద్దామా? ఇన్నేళ్ళుగా నడవలేదు కాబట్టి ఇంజను అరగలేదు కదా!"

వినడానికి ఈ మాట సబబుగానే ఉంటుంది. అరుగుదల ఘర్షణ వల్ల వస్తుంది, కదలిక లేనిచోట ఘర్షణ లేదు, కాబట్టి అరుగుదల లేదు. భౌతికశాస్త్రం వరకు ఈ తర్కంలో తప్పు లేదు. కానీ ఇంజను ఆగినప్పుడు ఆగేది భౌతికశాస్త్రంలోని ఒక అధ్యాయం మాత్రమే. రసాయనశాస్త్రం ఆగదు. పదేళ్ళు నిలిచిన ఇంజను పది నెలలు నడిచిన ఇంజను కన్నా బలహీనమైన స్థితిలో ఉండవచ్చు. దాన్ని తిరిగి నడపబోయే మొదటి పది సెకన్లలో జరిగే నష్టం పదేళ్ళలో జరిగిన నష్టాన్ని మించిపోవచ్చు. ఎందుకో ఈ పాఠంలో చూద్దాం. ఆ పది సెకన్లకు ఇంజనును ఎలా సిద్ధం చేయాలో కూడా తెలుసుకుందాం.

మాట్లాడుకోవడానికి ఒక నిర్దిష్టమైన ఇంజను ఉంటే మంచిది. మనందరికీ తెలిసిన అంబాసిడర్‌ను తీసుకుందాం. కోల్‌కతాకు దగ్గరగా, హుగ్లీ నది ఒడ్డున ఉన్న ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1950ల చివరి నుంచి 2014 మే వరకు ఈ కారును తయారు చేసింది. చాలాకాలం దానిలో వాడిన పెట్రోలు ఇంజను 1489 సి.సి. సామర్థ్యం కలది. నాలుగు సిలిండర్లు. ఒక్కొక్క సిలిండరు వ్యాసం సుమారు 73 మి.మీ., పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం 88.9 మి.మీ. వృత్త వైశాల్యాన్ని ఈ దూరంతో గుణించి చూడండి, ఒక సిలిండరుకు 372 ఘనపు సెంటీమీటర్లు వస్తుంది. దాన్ని నాలుగుతో గుణిస్తే 1489 దగ్గరకు వస్తారు. ఈ 372 అనే సంఖ్యను గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

ముందుగా ఒక పొరపాటు గురించి చెప్పాలి. అది నాదే. దాదాపు పాతికేళ్ళ కిందట మా బంధువుల ఇంట్లో తొమ్మిదేళ్ళుగా కదలని అంబాసిడర్ ఒకటి ఉండేది. సైన్సు చెప్పేవాణ్ణి కాబట్టి నాకు తెలుసుననే ధీమా. కొత్త బ్యాటరీ బిగించి తాళం తిప్పాను. 'టక్' మని ఒక్క చప్పుడు, అంతే. ఇంజను పట్టేసిందని అర్థమైంది. అయినా ఊరుకోలేదు. రెండో గేరులో పెట్టి, నలుగురి చేత తోయించి, క్లచ్ వదిలాను. లోపల ఏదో విరిగిన చప్పుడుతో ఇంజను తిరిగింది. తరవాత విప్పి చూస్తే ఒక పిస్టన్ రింగు ముక్కలై ఉంది, సిలిండరు గోడ మీద గోటితో గీకినట్టు నిలువు గీత పడింది, రెండు పుష్‌రాడ్లు వంగిపోయాయి. విప్పిన మెకానిక్కు పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "రెండు రోజులు ఆగి ఉంటే సరిపోయేది సార్" అన్నాడు. ఆ రెండు రోజుల్లో ఏం జరిగి ఉండేదో తెలుసుకోవాలని అప్పుడే మొదలుపెట్టాను.

ఒక లెక్క వేసి చూద్దాం. కారు బరువు సుమారు 1,100 కిలోలు. గంటకు 10 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 2.8 మీటర్లు. గతిశక్తి సూత్రంలో వేస్తే నాలుగు వేల జౌళ్ళు దాటుతుంది. 50 కిలోల సిమెంటు బస్తాను మూడో అంతస్తు ఎత్తు నుంచి వదిలితే నేలను తాకేటప్పటికి దానికి ఉండే శక్తి దాదాపు ఇంతే. క్లచ్ వదిలిన క్షణంలో ఆ శక్తి అంతా తుప్పుతో అతుక్కుపోయిన ఒక సన్నని ఇనుప రింగు మీదికి వెళుతుంది. అది విరగకుండా ఎలా ఉంటుంది?

ఇంతకీ ఆ తుప్పు ఎక్కడి నుంచి వచ్చింది? ఇంజను మూసి ఉన్న పెట్టె అని మనం అనుకుంటాం. కాదు. నాలుగు సిలిండర్ల ఇంజను ఏ స్థితిలో ఆగినా సాధారణంగా ఒక సిలిండరు గాలి పీల్చే దశలోనూ ఇంకొకటి పొగ వదిలే దశలోనూ ఉంటాయి. అంటే రెండు సిలిండర్లకు ఏదో ఒక వాల్వు తెరిచి ఉంటుంది. ఒకదానికి కార్బురేటరు మీదుగా, ఇంకొకదానికి సైలెన్సరు గొట్టం మీదుగా బయటి గాలితో సంబంధం ఉంటుంది. పగలు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, కొంత బయటికి పోతుంది. రాత్రి చల్లబడి సంకోచిస్తుంది, బయటి గాలి లోపలికి వస్తుంది. పగలు 38 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు అనుకుంటే మార్పు అయిదు శాతానికి కాస్త తక్కువ. రోజుకు కొద్ది ఘనపు సెంటీమీటర్ల గాలి మాత్రమే. అయితే పదేళ్ళలో 3,650 రోజులున్నాయి. ఇంజను నిద్రలో కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుందన్న మాట.

ఆ గాలితో పాటు తేమ వస్తుంది. వర్షాకాలపు ఉదయం చూడండి, గాలి వేడెక్కుతుంది కానీ 100 కిలోలకు పైగా ఉన్న ఇనుప దిమ్మ అంత త్వరగా వేడెక్కదు. చల్లని ఇనుము తుషార స్థానం కన్నా కింద ఉంటే గాలిలోని ఆవిరి దాని మీద నీటి బిందువులుగా మారుతుంది. చల్లటి నీళ్ళ గ్లాసు బయటి గోడకు చెమట పట్టినట్టే. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిశాక తుప్పుకు ఇంకేం కావాలి? తుప్పు తాను పుట్టిన ఇనుము కన్నా రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. పిస్టన్‌కూ సిలిండరు గోడకూ మధ్య సందు మిల్లీమీటరులో వందో వంతులు కొన్ని మాత్రమే. రింగులైతే గోడను ఆనుకునే ఉంటాయి. ఆ కొద్ది చోటులో తుప్పు ఉబ్బితే రింగు, గోడ ఒకే ముక్కలా అతుక్కుపోతాయి. మిగతా రెండు సిలిండర్లకు వాల్వులు మూసి ఉంటాయి కాబట్టి అవి తరచు మెరుస్తూనే కనిపిస్తాయి. ఒకే ఇంజనులో ఒక సిలిండరు అద్దంలా, పక్కది తుప్పుపట్టిన నూతి గిలకలా ఉండటానికి కారణం ఇదే.

నీరు బయటి నుంచే రానక్కరలేదు. పెట్రోలు హైడ్రోకార్బన్. అది మండితే హైడ్రోజన్ అంతా నీరవుతుంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరి రూపంలో తయారవుతుందంటే చాలామంది విద్యార్థులు నమ్మరు. ఆక్టేన్ దహన సమీకరణం రాసి లెక్క వేసి చూడండి. ఇంజను బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది. వేడెక్కకముందే ఆపేస్తే కొంత ఆవిరి సైలెన్సరులోనూ, నూనె తొట్టిలోనూ నీరుగా మారుతుంది. అందుకే "నెలకోసారి రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపేస్తున్నాం, బాగానే ఉంది" అనే వాళ్ళను చూస్తే నాకు భయం వేస్తుంది. ఆ రెండు నిమిషాల వల్ల లోపలికి నీరు చేర్చడం తప్ప ఇంకేమీ జరగదు. నడిపితే అరగంట రోడ్డు మీద నడపాలి, లేదంటే ముట్టుకోకూడదు.

తుప్పు కంటికి కనిపించే శత్రువు. కంటికి కనిపించనిది ఇంకొకటి ఉంది, అది నూనె లేకపోవడం. దీన్ని అర్థం చేసుకోవడానికి 1880ల నాటి ఇంగ్లండుకు వెళ్ళాలి. బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. నూనె పోయడానికి బేరింగు పైభాగాన ఒక రంధ్రం వేయించాడు. ఇరుసు తిరుగుతుంటే నూనె లోపలికి పోవడానికి బదులు ఆ రంధ్రం గుండా పైకి తన్నుకొచ్చింది. బిరడా పెట్టాడు, తోసేసింది. చెక్క మేకు బిగించాడు, దాన్నీ తోసేసింది. ఎవరూ ఏ పంపూ పెట్టలేదు. మరి అంత పీడనం ఎక్కడిది? 1886లో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణితంతో సమాధానం చెప్పాడు. ఇరుసు బేరింగులో సరిగ్గా మధ్యన ఉండదు, కొంచెం ఒక పక్కకు ఉంటుంది. అందువల్ల నూనె ఉండే చోటు ఒక వైపు వెడల్పుగా, క్రమంగా సన్నగా, ఒక చీలలా ఉంటుంది. తిరిగే ఇరుసు తన స్నిగ్ధత గల నూనెను ఆ సన్నని సందులోకి లాక్కుపోతుంది. అక్కడ పీడనం పెరిగి ఇరుసునే పైకెత్తుతుంది. తడి రోడ్డు మీద వేగంగా పోయే టైరు నీటి పొర మీద తేలి జారిపోతుందని విన్నారు కదా, ఇదీ అలాంటిదే.

మన ఇంజనులోని క్రాంకు షాఫ్టు కూడా ఇలాగే తేలుతుంది. నడిచేటప్పుడు లోహం లోహాన్ని తాకదు, మధ్యలో కొన్ని మైక్రాన్ల మందాన నూనె పొర ఉంటుంది. అయితే రెండు షరతులు ఉన్నాయి. షాఫ్టు తిరుగుతూ ఉండాలి, సందులో నూనె ఉండాలి. మామూలుగా రాత్రి ఆపి పొద్దున స్టార్టు చేసే కారులో సందులో కొంత నూనె మిగిలే ఉంటుంది, పంపు ఒకటి రెండు సెకన్లలో మిగతాది అందిస్తుంది. పదేళ్ళు నిలిచిన ఇంజనులో నూనె అంతా కిందికి దిగిపోయి ఉంటుంది. గొట్టాలు, ఫిల్టరు, చివరికి పంపు కూడా ఖాళీ. పొడిగా ఉన్న పంపు నూనెను పైకి లాగడానికే సమయం తీసుకుంటుంది. ఈలోగా ఇంజను అంటుకుని నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగిందనుకోండి, పది సెకన్లకు 160 చుట్లకు పైగా లోహం లోహం మీద నడుస్తుంది. పైగా ప్రతి పేలుడులోనూ పిస్టన్ మీద పడే బలం బేరింగు మీదికే వస్తుంది. నేను పది సెకన్లు అన్నది వీటి గురించే.

కాబట్టి మనం చేయబోయే పనులన్నిటి వెనకా ఒకటే సూత్రం ఉంది. పేలుడు కన్నా ముందు నూనె రావాలి. తాళం తిప్పడం అన్నిటికన్నా చివరి పని.

ఇక పనిలోకి దిగుదాం. బ్యాటరీ ఉంటే ముందు దాని వైరు విప్పండి. బానెట్ తెరిచి ఓపికగా చూడండి. ఎలుకలకు ఇంజను గది అంటే మహా ఇష్టం. గాలి ఫిల్టరు డబ్బాలో గూడు, కొరికిన వైర్లు, సైలెన్సరు గొట్టంలో కందిరీగల మట్టి, ఇవన్నీ నేను చూసినవే. తరవాత నూనె తొట్టి అడుగున ఉన్న బోల్టును నెమ్మదిగా వదులు చేసి ఒక గాజు సీసాలోకి పట్టండి. నీటి సాంద్రత నూనె కన్నా ఎక్కువ, కాబట్టి నీరు చేరి ఉంటే మొదట వచ్చేది నీరే. పాలు కలిపిన కాఫీ రంగులో చిక్కగా వస్తే నీరు, నూనె కలిసిపోయాయని అర్థం. శీతలీకరణ నీరు లోపలికి కారుతోందేమో అప్పుడు అనుమానించాలి. పాత నూనె తీసేసి, ఫిల్టరు మార్చి, తయారీదారు చెప్పిన చిక్కదనం గల కొత్త నూనె పోయాలి. ఈ పాత ఇంజన్లకు సాధారణంగా 20డబ్ల్యూ-50 రకం వాడతారు. తీసిన నూనెను మురుగు కాలవలో పోయకండి.

ఇప్పుడు నాలుగు స్పార్కు ప్లగ్గులూ విప్పండి. ఏ సిలిండరుది ఏదో తెలిసేలా వరసలో పెట్టండి. తుప్పు రంగు ఏ ప్లగ్గు మీద కనిపిస్తుందో అదే అనుమానించవలసిన సిలిండరు. ప్లగ్గు రంధ్రాల్లోంచి ఒక్కొక్క సిలిండరులోకి రెండు మూడు చెంచాల పలచని నూనె వదలాలి. గేరుబాక్సుల్లో వాడే ఎర్రని ఏటీఎఫ్ నూనెను డీజిలుతో కలిపి పోసేవాళ్ళున్నారు, తుప్పు వదిలించే నూనెలు దుకాణాల్లోనూ దొరుకుతాయి. ఏదైనా పలచగా ఉండటం ముఖ్యం.

ఆ మెకానిక్కు చెప్పిన 'రెండు రోజులు' ఇక్కడ మొదలవుతాయి. చెంచాడు నూనె అతుక్కున్న రింగును ఎలా విడిపిస్తుంది? కేశనాళికీయత వల్ల. సందు ఎంత సన్ననిదైతే ద్రవం అంత దూరం పాకుతుంది. పలచని నూనె తలతన్యత మీటరుకు సుమారు 0.03 న్యూటన్లు. సందు 0.05 మి.మీ. అనుకుని సూత్రంలో వేస్తే, ఆ సందులో నూనె గురుత్వాకర్షణకు ఎదురుగా కూడా 14 సెంటీమీటర్లు ఎక్కగలదని వస్తుంది. రింగు మందం రెండు మూడు మిల్లీమీటర్లే. అంటే బలానికి కొదవ లేదు. కొదవ అంతా వేగానికే. తుప్పులోని రంధ్రాలు ఇంకా సన్ననివి, వాటిలో స్నిగ్ధత నూనెను వెనక్కు పట్టుకుంటుంది. కాబట్టి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. మధ్యలో మరో చెంచాడు పోస్తూ ఉండండి. ఇంటి దగ్గర దీన్ని చూడాలంటే రెండు గాజు పలకలను ఒక అంచు కలిపి, రెండో అంచున అగ్గిపుల్ల పెట్టి, రంగు నీళ్ళలో నిలబెట్టండి. పలకలు దగ్గరగా ఉన్నచోట నీరు ఎంత ఎత్తుకు ఎక్కుతుందో మీరే చూస్తారు.

రెండు మూడు రోజుల తరవాత కారును న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజనును చేత్తో తిప్పి చూడాలి. పాత అంబాసిడర్లకు ముందు వైపు నుంచి హ్యాండిలు రాడ్డు పెట్టే వీలుంది. 1912లో కాడిలాక్ కార్లలో విద్యుత్ స్టార్టరు రాకముందు ప్రపంచమంతా ఇలా తిప్పే కార్లు నడిపింది. ఆ రోజుల డ్రైవర్లు రాడ్డు పట్టుకునేటప్పుడు బొటనవేలును మిగతా వేళ్ళ పక్కనే ఉంచేవారు, చుట్టూ వేసేవారు కాదు. ఇంజను వెనక్కు తన్నితే వేలు విరుగుతుంది. మన ఇంజనుకు ఇప్పుడు ప్లగ్గులూ లేవు, కరెంటూ లేదు కాబట్టి అది తన్నదు. అయినా ఆ అలవాటు మంచిదే. రాడ్డు లేకపోతే క్రాంకు పుల్లీ నట్టుకు స్పానరు వేసి తిప్పవచ్చు.

తిరిగితే సంతోషం. తిరగకపోతే బలం పెంచకండి. అటు కొంచెం, ఇటు కొంచెం ఆడించండి. వెంట్రుకవాసి కదిలినా నూనెకు కొత్త దారి దొరికినట్టే. మళ్ళీ నూనె పోసి, మళ్ళీ ఒక రోజు వదిలేయండి. వారం రోజులైనా కదలకపోతే ఇంజను తల విప్పి చూడటం తప్ప మార్గం లేదు. అది ఓటమి కాదు. అయిదు వందల గ్యాస్కెట్టుతో పోయేదాన్ని యాభై వేల దాకా తెచ్చుకోకుండా ఉండటం.

చేత్తో తిప్పే ముందే చేయవలసిన పని మరొకటి ఉంది. నేను వంచిన పుష్‌రాడ్ల సంగతి ఇదే. ఇంజను పైనున్న రాకర్ కవరు విప్పితే ఎనిమిది వాల్వులు, వాటి స్ప్రింగులు కనిపిస్తాయి. వాల్వు కాడలు కూడా వాటి గైడుల్లో తుప్పుతో పట్టేసి ఉండవచ్చు. అన్నిటి మీదా నూనె పోసి, ఒకరు నెమ్మదిగా తిప్పుతుంటే ఇంకొకరు చూడాలి. ప్రతి వాల్వు కిందికి దిగి తిరిగి పైకి రావాలి. దిగిన వాల్వు రాకపోతే అక్కడే ఆపండి.

పూర్తిగా రెండు చుట్లు స్వేచ్ఛగా తిరిగాక బ్యాటరీ పని వస్తుంది. పాత బ్యాటరీ మీద ఆశ పెట్టుకోకండి. డిశ్చార్జి అయిన లెడ్-యాసిడ్ బ్యాటరీ పలకల మీద లెడ్ సల్ఫేటు ఏర్పడుతుంది. వెంటనే చార్జి చేస్తే అది తిరిగి కరుగుతుంది, ఏళ్ళ తరబడి వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా పెరిగిపోతుంది. కొత్తది బిగించే ముందు ఏ టెర్మినల్ కారు బాడీకి కలిపి ఉందో చూసుకోండి. కొన్ని పాత కార్లలో పాజిటివ్ వైపును బాడీకి కలిపేవారు.

ఇప్పుడు ఇగ్నిషన్ కాయిల్ వైరు విప్పి ఉంచి, ప్లగ్గులు బిగించకుండానే, స్టార్టరుతో ఇంజనును తిప్పాలి. ప్లగ్గులు ఎందుకు వద్దు? రెండు కారణాలున్నాయి. ఇందాకటి 372 సంఖ్యను గుర్తు చేసుకోండి. పీడన నిష్పత్తి ఎనిమిది అనుకుంటే, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 372ను ఏడుతో భాగిస్తే వచ్చేది, సుమారు 53 ఘనపు సెంటీమీటర్లు. చిన్న టీ గ్లాసులో సగం. పొరపాటున అంతకన్నా ఎక్కువ నూనెగానీ నీరుగానీ సిలిండరులో ఉంటే ఏమవుతుంది? గాలిని నొక్కవచ్చు, ద్రవాన్ని నొక్కలేం. వంగేది కనెక్టింగ్ రాడ్డే. రంధ్రాలు తెరిచి ఉంటే ఆ ద్రవం పిచికారీలా బయటికి పోతుంది. రంధ్రాల మీద పాత గుడ్డ కప్పండి, ముఖం దూరంగా పెట్టుకోండి. సముద్రపు ఓడల్లోని పెద్ద డీజిలు ఇంజన్లను కూడా స్టార్టు చేసే ముందు సిలిండర్ల కుళాయిలు తెరిచి తిప్పి, నీరు వస్తోందా అని చూస్తారు. నూనె పంపును వేరే మోటారుతో ముందుగానే నడుపుతారు. పెద్ద ఇంజన్ల వాళ్ళు రోజూ పాటించే నియమాన్నే మనం చిన్న ఇంజనుకు ఒక్కసారి పాటిస్తున్నాం.

రెండో కారణం నూనె. ప్లగ్గులు లేని ఇంజనులో పీడనం ఉండదు, పేలుడు ఉండదు, బేరింగుల మీద భారం బాగా తక్కువ. ఆ స్థితిలో స్టార్టరు తిప్పుతుంటే పంపు నెమ్మదిగా నూనెను పైకి తెస్తుంది. పది సెకన్లు తిప్పండి, ఒక నిమిషం ఆగండి. స్టార్టరు మోటారు వంద ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది, ఎడతెగకుండా తిప్పితే కాలిపోతుంది. డాష్‌బోర్డు మీద నూనె దీపం ఆరేదాకా, లేదా మీటరు ముల్లు లేచేదాకా ఇలా చేయాలి. రాకర్ కవరు కింద నూనె ఊరుతూ కనిపించాలి. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ఇష్టమైన క్షణం ఇదే. ఇంజను అంటుకోవడం కన్నా కూడా. దీపం ఎంతకీ ఆరకపోతే ముందుకు పోవద్దు. పంపో, దాని జల్లెడో చూడాలి.

ఇదే సమయంలో ఒక్కొక్క సిలిండరు పీడనం కొలవవచ్చు. బాయిల్ నియమం ప్రకారం ఎనిమిదో వంతుకు కుదించిన గాలి పీడనం ఎనిమిది రెట్లు కావాలి. వేగంగా కుదించినప్పుడు గాలి వేడెక్కుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ కావాలి. కొంత రింగుల పక్కనుంచి కారిపోతుంది కాబట్టి అంత రాదు. ఎంత వచ్చిందన్నదాని కన్నా నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకటి బాగా తక్కువగా ఉంటే అందులో చెంచాడు నూనె పోసి మళ్ళీ కొలవండి. పెరిగితే లోపం రింగుల్లో ఉంది, పెరగకపోతే వాల్వుల్లో ఉంది. ఎందుకో మీరే ఆలోచించండి.

పెట్రోలు విషయం త్వరగా చెప్పేస్తాను. పాత పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం ముందే పోతుంది, మిగిలినది ఆక్సీకరణం చెంది జిగురవుతుంది. వార్నిషు వాసన వస్తుంది. మిల్లీమీటరు వెడల్పు కార్బురేటరు రంధ్రాలు ఆ జిగురుతో మూసుకుపోతాయి. ట్యాంకులోది వాడకండి. కార్బురేటరు విప్పి కడిగి, మొదటి స్టార్టుకు వేరే శుభ్రమైన డబ్బా నుంచి తాజా పెట్రోలు ఇవ్వండి. పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చండి. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ వాటా 2022 నాటికి 10 శాతానికి చేరింది, 2023 నుంచి 20 శాతం కలిపినది రావడం మొదలైంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, దానికి తగినట్టు తయారుకాని పాత రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. వేడి ఇంజను మీద గొట్టం పగిలితే మంటే. నిప్పు ఆర్పే సిలిండరు చేతికి అందేలా ఉంచుకోండి.

డిస్ట్రిబ్యూటరు మూత కింద పాయింట్ల మీద ఆక్సైడు పొర ఉంటుంది, సన్నని ఉప్పుకాగితంతో ఒక్కసారి రుద్దితే చాలు. రేడియేటరు కడిగి నీరు నింపి ఒక రాత్రి వదిలి, ఎక్కడా కారడం లేదని చూసుకోండి.

స్టార్టు చేసే రోజు కారును షెడ్డు బయటికి తోయండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు, అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మూసిన షెడ్డులో ఇంజను నడిపి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ప్లగ్గులు బిగించి, కాయిల్ వైరు కలిపి, ఒకరు తాళం దగ్గర, ఒకరు ఇంజను దగ్గర ఉండాలి. ఇంజను దగ్గర ఉన్నవాళ్ళు ఫ్యాను బెల్టుకు చున్నీ, చొక్కా చేతులు తగలకుండా చూసుకోవాలి.

అంటుకోగానే యాక్సిలరేటరు తొక్కి గర్జింపజేయాలని అందరికీ అనిపిస్తుంది. వద్దు. చెవులు ఇంజను మీద, కళ్ళు నూనె దీపం మీద ఉండాలి. అయిదారు సెకన్లలో దీపం ఆరకపోతే ఆపేయండి. మొదట దట్టమైన నీలి పొగ వస్తుంది. మీరు సిలిండర్లలో పోసిన నూనే అది, కంగారు పడకండి. తెల్లని ఆవిరి కొద్దిసేపు వచ్చి తగ్గితే సైలెన్సరులోని నీరు, ఎంతకీ తగ్గకపోతే శీతలీకరణ నీరు సిలిండరులోకి వస్తోందన్న మాట. టకటకమని వాల్వు చప్పుడు నూనె అందాక తగ్గుతుంది. లోపలి నుంచి బరువుగా, లోతుగా కొట్టుకునే చప్పుడు వస్తే బేరింగు మాట్లాడుతోంది, వెంటనే ఆపాలి. అంతా బాగుంటే కాస్త వేగంగా, నిలకడగా, రేడియేటరు పై గొట్టం వేడెక్కేదాకా నడపండి. తరవాత ఆపి, చల్లారాక, కింద ఏమైనా కారిందేమో చూడండి.

ఒక గంట నడిచాక నూనె మరోసారి మార్చాలి. ఏళ్ళనాటి తుప్పు, జిగురు అంతా ఇప్పుడు ఆ నూనెలోకి దిగి ఉంటుంది. ఆ తరవాతే రోడ్డు సంగతి, అదైనా బ్రేకులు విప్పి చూశాకే. ఇంజను పదేళ్ళు పీల్చిన ఆ తేమ గాలినే బ్రేకు సిలిండర్లూ పీల్చాయి.